ఉడుము కాని ఉడుము: ఒక ఇగువానా కేసు

శనివారం సాయంత్రం, క్లినిక్ మూసే వేళకి ముగ్గురు వచ్చారు. తండ్రి, తల్లి, ఇంజినీరింగ్ చదివే కూతురు. తండ్రి చేతిలో కూరగాయల సంచి. పైన కొత్తిమీర కట్ట, కింద తువ్వాలు, ఆ తువ్వాల్లో ఒక ఇగువానా, అంటే చూడ్డానికి ఉడుములా ఉండే విదేశీ బల్లి. రిసెప్షన్ దగ్గర రిజిస్టర్‌లో ఆయన "కుక్కపిల్ల, వ్యాక్సిన్" అని రాశాడు. లోపలికొచ్చి, తలుపు తనే దగ్గరగా వేసి, కూర్చోకుండానే అడిగాడు.

"డాక్టర్ గారూ, ఇది కేసవుతుందా?"

ఆయన అడిగింది పోలీసు కేసు గురించి. నా కళ్లకు కనబడింది వైద్యం కేసు. ఆ తర్వాత ఆరు నెలల పాటు రెండూ ఒకదాన్నొకటి పట్టుకునే నడిచాయి, అందుకే విడదీయకుండా రాస్తున్నాను. ఆ కుటుంబం రాసుకోమంది. వాళ్లను గుర్తుపట్టే వివరాలు మార్చాను. కుక్కలు, పిల్లులతో పాటు పాములు, తాబేళ్లు, బల్లి జాతులు చూసే డాక్టర్లకూ, అలాంటివి ఇంట్లో పెంచుతున్నవాళ్లకూ ఇందులో పనికొచ్చేది ఉంటుందనుకుంటున్నాను.

జంతువు పేరు చిట్టి. 2023 జనవరిలో హైదరాబాద్‌లోని ఒక పెట్ షాపులో 18 వేలకి కొన్నారు. కొన్నప్పుడు చూపుడువేలంత ఒళ్లు, దానికి రెండింతల తోక, చిలకాకుపచ్చ రంగు. "చెన్నైలో బ్రీడ్ చేసిందే సార్, పేపర్లేమీ అక్కర్లేదు" అన్నాడట షాపువాడు. బిల్లు ఇవ్వలేదు. డబ్బు యూపీఐలో పంపారు. దాంతోపాటు ఒక గాజు ట్యాంకు, ఒక ఎర్ర బల్బు, ఒక డబ్బా గుళికల మేత అంటగట్టాడు. ఎంత పెద్దదవుతుందని అమ్మాయి అడిగితే "ట్యాంకు ఎంతుంటే అంతే పెరుగుతుంది" అన్నాడట. ఈ మాట నేను వారానికొకసారైనా వింటాను. మగ ఇగువానా తోకతో కలిపి ఐదడుగులు దాటుతుంది. ట్యాంకు చిన్నదైతే జంతువు చిన్నగా ఉండదు, జబ్బుపడి ఆగిపోతుంది.

వాళ్లు నా దగ్గరికి వచ్చింది 2024 నవంబరులో. దవడ వాచినట్టు కనిపించడం మొదలై అప్పటికి మూడు వారాలు దాటింది. మరి ఇన్నాళ్లూ ఎందుకు ఆగారు? ఈ కేసులో నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది ఇదే.

దసరా సెలవుల్లో చిట్టిని బాల్కనీలో ఎండకు పెట్టారు. ఎదురు ఫ్లాటువాళ్లు చూశారు. అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో మెసేజ్ పడింది: "403లో ఉడుమును పెంచుతున్నారు." దాని కింద ఒకాయన, ఉడుమును పట్టుకుంటే జైలేనని ఒక పేపర్ కటింగ్ పెట్టాడు. ఆయన చెప్పినదాంట్లో తప్పులేదు. మన ఉడుము వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూలు జంతువు, పులికున్న రక్షణే దానికీ ఉంది. కాకపోతే చిట్టి ఉడుము కాదు. దక్షిణ అమెరికా, మధ్య అమెరికా అడవుల్లో చెట్ల మీద ఆకులు తిని బతికే జీవి. గొంతు కింద తోలుతిత్తి వేలాడుతూ, చెవి కింద రూపాయి బిళ్లంత గుండ్రటి పొలుసుతో ఉంటుంది. మన ఉడుముకు ఆ రెండూ లేవు, పైగా అది మాంసం తింటుంది, నాలుక పాములా చీలి ఉంటుంది. ఈ తేడా అపార్ట్‌మెంటులో ఎవరికి తెలుస్తుంది? తల్లి ఆ రాత్రే బాల్కనీ కర్టెన్లు దింపేసింది. చిట్టికి అప్పటిదాకా అందిన ఆ కాస్త ఎండ కూడా పోయింది. డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే ఫారెస్టువాళ్లకి చెబుతాడేమోనని ఇంకో భయం. అలా మూడు వారాలు గడిచాయి.

పరీక్ష

బరువు 410 గ్రాములు. దాదాపు రెండేళ్ల వయసుకు ఇది చాలా తక్కువ. రెట్టింపు ఉన్నా ఆశ్చర్యపోను. తొడలు మాత్రం కోడికాళ్లలా గుండ్రంగా, బలంగా కనిపిస్తున్నాయి. "కాళ్లు బాగానే ఉన్నాయి కదా డాక్టర్ గారూ" అంది తల్లి. అది కండ కాదు. ఎముక పలచబడిపోతుంటే దాన్ని ఆదుకోవడానికి శరీరం చుట్టూ నారలాంటి కణజాలం పేరుస్తుంది, అదే పైకి బలంలా కనబడుతుంది. దవడను రెండు వేళ్ల మధ్య పెట్టి మెల్లగా నొక్కితే రబ్బరు చెప్పు అంచులా వంగింది. ముందుకాళ్ల వేళ్లు ఉండుండి అదురుతున్నాయి. ఒళ్లు నేల నుంచి పైకి ఎత్తలేక పొట్ట ఈడుస్తోంది. వారంగా మలవిసర్జన లేదు.

ఎక్స్‌రేలో ఎముకలు పొగమంచులో కరెంటు స్తంభాల్లా ఉన్నాయి. కుడి తొడ ఎముక విరగలేదు, వంగింది. పచ్చి కొమ్మను వంచితే ఎలా ఉంటుందో అలా. తోక కింది నరం నుంచి తీసిన రక్తంలో కాల్షియం 7.1, ఫాస్ఫరస్ 9.8. మామూలుగా కాల్షియం ఎక్కువ, ఫాస్ఫరస్ తక్కువ ఉండాలి. ఇక్కడ తలకిందులైంది.

జబ్బు కొత్తదేమీ కాదు. మెటబాలిక్ బోన్ డిసీజ్. పెంపుడు ఇగువానాల్లో నేను ఎక్కువగా చూసేది ఇదే. కారణం మూడు ముక్కల్లో: మేతలో కాల్షియం తక్కువ, ఫాస్ఫరస్ ఎక్కువ. చర్మానికి ఎండలోని అతినీలలోహిత కిరణాలు (యూవీబీ) తగలక శరీరంలో విటమిన్ డీ3 తయారుకాదు. ఒంటికి కావలసిన వేడి లేక, తిన్నది కూడా అరగదు. రక్తంలో కాల్షియం పడిపోతుంటే పారాథైరాయిడ్ గ్రంథి ఎముకల్లోంచి దాన్ని తోడి రక్తంలోకి పోస్తుంది. గుండె, నరాలు ఆడాలి కదా. ఇల్లు గడవక దూలాలు పీకి పొయ్యిలో పెట్టినట్టు.

వీళ్లు ఏం పెట్టారు? మొదటి ఆరు నెలలు షాపువాడిచ్చిన గుళికలు. అవి అయిపోయాక యూట్యూబ్ చూసి ఉడికించిన గుడ్డు, చపాతీ ముక్క, కీర దోసకాయ, పాలకూర. ఆకుకూరే కదా అని పాలకూర రోజూ పెట్టారు. ఇగువానా పూర్తిగా ఆకులు తినే జంతువు, గుడ్డు దానికి మంచిది కాదు. పాలకూరలోని ఆక్సలేట్ ఉన్న కాల్షియాన్ని కూడా పట్టేసుకుంటుంది. ఇక ఆ ఎర్ర బల్బు కాస్త వేడినిస్తుంది తప్ప దాంట్లో యూవీబీ లేదు. కిటికీ దగ్గర పెడుతున్నాం కదా అన్నాడు తండ్రి. ఆ కిరణాలు కిటికీ గాజును దాటి రావు. వెలుగు వస్తుంది, పనికొచ్చేది రాదు.

ఆ రాత్రి వణుకు తగ్గేదాకా కాల్షియం గ్లూకోనేట్ పలచన చేసి చర్మం కిందకి ఇచ్చాను. నొప్పికి మందు, గోరువెచ్చని నీటి తొట్టిలో పదిహేను నిమిషాలు. అలా నానబెడితే నీళ్లు తాగుతాయి, మలబద్ధకం కూడా కదులుతుంది. మర్నాడు మధ్యాహ్నానికి కదిలింది, మా కాంపౌండర్‌కి నాకంటే ఎక్కువ సంతోషం. విటమిన్ డీ3 సూదులు వేయలేదు. కొందరు వేస్తారు. మోతాదు కొంచెం దాటినా కిడ్నీల్లో, రక్తనాళాల్లో కాల్షియం పేరుకుంటుంది. ఎండ ఉన్న ఊళ్లో ఉండి సూది వేయడమెందుకన్నది నా పద్ధతి. తర్వాత రెండు నెలలు నోటి ద్వారా కాల్షియం సిరప్.

మేత మార్చడం మనవైపు అంత కష్టం కాదు. విదేశీ పుస్తకాల్లో రాసే కాలర్డ్ గ్రీన్స్ కోసం సూపర్‌మార్కెట్లు తిరగక్కర్లేదు. మునగాకు, అవిసాకు, మందారం ఆకులు, పూలు. తురిమిన గుమ్మడికాయ, సొరకాయ కొంచెం. తోటకూర అప్పుడప్పుడు. పాలకూర, గోంగూర వద్దు. మందారం పువ్వు చూపిస్తే చిట్టి ఒళ్లు ఈడ్చుకుంటూ అయినా వచ్చేది. ఆకలి లేదన్న జంతువు ఎర్రపువ్వు కోసం మెడ చాచడం ఆ నెలలో మాకు కనిపించిన మొదటి మంచి లక్షణం. ట్యాంకు తీసేసి అల్మరా అంత జాలీ గూడు చేయించారు. యూవీబీ ట్యూబు కొన్నారు. ట్యూబు వెలుగుతూనే ఉంటుంది కానీ ఆరు నెలల నుంచి ఏడాదిలోపు దాంట్లో యూవీబీ నీరసించిపోతుంది, కొన్న తేదీ దాని మీదే రాసిపెట్టమన్నాను. ఎండ కాచుకునే కొమ్మ దగ్గర 35 డిగ్రీలు ఉండాలి. డిసెంబరు రాత్రుళ్లు ఇక్కడ 12, 13కి పడిపోతాయి కాబట్టి వెలుగు లేని సిరామిక్ హీటర్ ఒకటి. తల్లి తమ్ముడు అమెరికాలో ఉంటాడట. చలికి బిగుసుకుపోయి చెట్ల మీంచి రాలిపడే ఫ్లోరిడా ఇగువానాల వీడియో ఆయనే పంపాడు. ఆ వీడియో చూశాక హీటర్ గురించి నేను రెండోసారి చెప్పాల్సిన పని లేకపోయింది.

చేతులు కడుక్కోవడం గురించి చెప్పి ఈ భాగం ముగిస్తాను. పాకే జంతువుల పేగుల్లో సాల్మొనెల్లా ఉండటం మామూలే, వాటికేమీ కాదు, మనకే కడుపు జబ్బులు. అమెరికా 1975లో నాలుగంగుళాల కన్నా చిన్న తాబేళ్ల అమ్మకాన్ని నిషేధించింది ఇందుకే. పసిపిల్లలు వాటిని నోట్లో పెట్టుకుంటున్నారని. చిట్టి నీటి తొట్టిని వంటింటి సింకులో కడుగుతున్నారు. అది ఆ రోజే మాన్పించాను.

కాగితాల సంగతి

రెండోసారి వచ్చినప్పుడు అసలు మాట తీశాడు తండ్రి. ఒక లాయరుని అడిగాడట. "మీరు పాత తేదీ వేసి ఒక సర్టిఫికెట్ ఇస్తే చాలంటున్నారు డాక్టర్ గారూ. 2022లోనే మీ దగ్గర చూపించినట్టు. మీకేమీ ఇబ్బంది ఉండదు."

ఇవ్వనని చెప్పాను. ఆయన మొహం చిన్నబోయింది. ఆయన చెడ్డమనిషి కాదు. కూతురు ఏడుస్తుంటే చూడలేక అడిగాడు. ఇలాంటివి నాకు కొత్తా కాదు, 2024 ఆగస్టులో అయితే ఫోన్లు వరసగా వచ్చాయి. అప్పుడెందుకో చెప్పాలంటే చట్టం కొంచెం వెనక్కి వెళ్లాలి.

వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లోది. అది మన దేశపు జంతువుల కోసం రాసుకున్నది. బయటి దేశాల జంతువు ఒకసారి సరిహద్దు దాటి లోపలికొచ్చేస్తే, ఇంట్లో ఉన్నదాన్ని ఆ చట్టం పెద్దగా పట్టించుకునేది కాదు. విమానాశ్రయంలో దొరికితే కస్టమ్స్ చట్టం, ఎగుమతి దిగుమతి విధానం. దొరక్కపోతే ఏమీ లేదు. పెట్ షాపులు ఇన్నాళ్లూ "విదేశీ జంతువుకి ఏ చట్టమూ లేదు" అని చెప్పి అమ్మింది ఈ సందులోనే.

2020 జూన్‌లో కేంద్ర పర్యావరణ శాఖ ఒక సలహాపత్రం ఇచ్చింది. అంతరించే ప్రమాదమున్న జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపుచేసే సైటిస్ ఒప్పందం జాబితాల్లోని విదేశీ జంతువులు మీ దగ్గరుంటే ఆరు నెలల్లోగా మీ అంతట మీరు చెప్పండి, ఎక్కడివని కాగితాలు అడగం అని. గడువు తర్వాత 2021 మార్చి దాకా పొడిగించారు. అప్పుడు చెప్పినవాళ్లు నిశ్చింతగా ఉన్నారు. చిట్టి అప్పటికింకా పుట్టలేదు.

2022లో చట్టాన్నే సవరించారు, 2023 ఏప్రిల్ 1 నుంచి అమలు. ఆరు షెడ్యూళ్లు నాలుగయ్యాయి. నాలుగో షెడ్యూలులో సైటిస్ జాబితాల జంతువులన్నీ చేరాయి. పచ్చ ఇగువానా, బాల్ పైథాన్ అనే విదేశీ కొండచిలువ రెండూ ఆ ఒప్పందం రెండో అనుబంధంలో ఉన్నాయి కాబట్టి మన చట్టం కిందికి వచ్చేశాయి. ఆ తర్వాత 2024 ఫిబ్రవరి 28న రిజిస్ట్రేషన్ నియమాలు వచ్చాయి. ఈ షెడ్యూలులోని జీవి ఎవరి దగ్గరున్నా ఆరు నెలల్లోగా, అంటే ఆగస్టు 28లోగా కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ 2.0 పోర్టల్‌లో నమోదు చేసుకోవాలి. దరఖాస్తు రాష్ట్ర చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ దగ్గరికి వెళ్తుంది. పిల్లలు పెట్టినా, చేతులు మారినా, చచ్చిపోయినా చెప్పాలి. చెప్పకపోతే మూడేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా, లేదా రెండూ.

నాకు తెలిసిన పెంపకందారుల్లో సగంమందికి ఈ సంగతి ఆగస్టు మూడో వారంలో తెలిసింది. అదీ వాట్సాప్‌లో. ఈ కుటుంబానికి నవంబరులో నేను చెబితే తెలిసింది.

గడువు ఒక్కటే సమస్య అయితే ఇంత రాయక్కర్లేదు. చట్టంలో ఇంకో మెలిక ఉంది. ఆ జంతువును ఒప్పందానికి గానీ, చట్టానికి గానీ విరుద్ధంగా సంపాదించలేదని అధికారికి నమ్మకం కుదిరితేనే ధ్రువపత్రం ఇస్తారు. అడగడం న్యాయమే. కానీ ఆ నమ్మకం కలిగించాల్సింది ఎవరు? జంతువు ఎక్కడ పుట్టిందో, తల్లిదండ్రులు ఏ లైసెన్సు మీద వచ్చాయో తెలిసినవాడు షాపువాడు. వాడు బిల్లే ఇవ్వలేదు. రుజువు చేయాల్సింది మాత్రం కొన్నవాళ్లు.

సక్రమంగా దిగుమతి చేసుకోవాలంటే ఎన్ని గుమ్మాలు ఎక్కాలో షాపుల్లో ఎవరూ చెప్పరు. చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ నిరభ్యంతర పత్రం, విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ లైసెన్సు, పంపే దేశపు సైటిస్ ఎగుమతి పర్మిట్, పశుసంవర్ధక శాఖ ఆరోగ్య అనుమతి, దిగాక క్వారంటైన్. సూట్‌కేసులో, చేతిసంచిలో తెచ్చుకునే పెంపుడు జంతువంటే కుక్క, పిల్లి మాత్రమే, అవి కూడా నివాసం మార్చుకుని వస్తున్నవాళ్లకే. అంటే బ్యాంకాక్ నుంచి ట్రాలీ బ్యాగులో దిగిన పాముల్లో ఒక్కటి కూడా సక్రమం కాదు. 2023 జనవరిలో చెన్నై విమానాశ్రయంలో ఎవరూ తీసుకోని రెండు బ్యాగులు తెరిస్తే 45 బాల్ పైథాన్లు, 8 కార్న్ స్నేక్‌లు, 3 మార్మోసెట్ కోతులు, 3 నక్షత్ర తాబేళ్లు బయటపడ్డాయి. అన్నిటినీ తిరిగి బ్యాంకాక్ పంపారు. నక్షత్ర తాబేలు మన రాయలసీమ ముళ్లపొదల్లో తిరిగే జీవి, అది బ్యాంకాక్ నుంచి దిగడమేమిటి అని నేను ఆ వార్త రెండుసార్లు చదివాను. ఇటు నుంచి దొంగతనంగా వెళ్తాయి, అటు నుంచి 'విదేశీ' అయి వస్తాయి.

నక్షత్ర తాబేలు మాట వచ్చింది కాబట్టి ఇక్కడే ఒకటి చెప్పాలి. ఇంట్లో తాబేలుంటే కలిసొస్తుందని పెంచేవాళ్లు నా దగ్గరికి నెలకి ఇద్దరు ముగ్గురు వస్తారు. "మేము కూడా పరివేష్‌లో రాయించుకుంటాం" అంటారు. కుదరదు. అది మన జంతువు, మొదటి షెడ్యూలు. విదేశీ జంతువుల నమోదు దానికి వర్తించదు. అటవీ శాఖకి అప్పగించడమే దారి. ఈ మాట చెప్పాక చాలామంది మళ్లీ రారు.

సర్టిఫికెట్‌కి బదులుగా

నేను చేసింది పెద్దదేమీ కాదు. అమ్మాయి ఫోను తీయమన్నాను. 2023 జనవరి 14న, సంక్రాంతి ముగ్గు పక్కన అరచేతిలో చిట్టిని పెట్టుకుని దిగిన ఫొటో ఉంది. అంతకు రెండు రోజుల ముందు షాపు పేరుతో 18 వేల యూపీఐ చెల్లింపు ఉంది. షాపువాడితో "ఏం తినిపించాలి అన్నా" అని నడిచిన చాటింగ్ ఉంది, దాంట్లో "చెన్నై బ్రీడ్" అని వాడే రాసిన వాక్యం ఉంది. నెలనెలా స్కేలు పక్కన పెట్టి తీసిన ఫొటోలు ఇరవై దాకా ఉన్నాయి. గడువు తేదీకి జంతువు వాళ్ల దగ్గరే ఉందని చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి? 2022 తేదీతో నేను దొంగ సర్టిఫికెట్ ఇచ్చుంటే, ఈ ఫొటోల్లో ఏ ఒక్కటి బయటపడ్డా వాళ్లకున్న అసలు సాక్ష్యం కూడా అబద్ధంగా మారిపోయేది.

నా వంతుగా నేను చూసిన తేదీ నుంచి చూసినది రాశాను. జాతి, బరువు, పొడవు, ఎక్స్‌రే, రక్తపరీక్ష, వైద్యం. జాతిని గుర్తించిన ఆనవాళ్లు కూడా: తోలుతిత్తి, చెవి కింది పొలుసు, వీపు మీది ముళ్ల వరస. ఇది బెంగాల్ మానిటర్ కాదని, అంటే ఉడుము కాదని విడిగా ఒక వాక్యం. ఆ ఒక్క వాక్యం కాపీ తీసి తండ్రి అసోసియేషన్ సెక్రటరీకి ఇచ్చాడట. గ్రూపులో మర్నాడే కొత్త చర్చ మొదలైంది: "ఉడుము కాకపోతే మొసలా?"

మైక్రోచిప్ వెంటనే వేయలేదు. బల్లి జాతుల్లో దాన్ని ఎడమ తొడ దగ్గర వేస్తాం, అక్కడి ఎముకే మెత్తగా ఉంటే సూది వేసేటప్పుడు పట్టుకున్న పట్టుకే విరగొచ్చు. మూడు నెలలు ఆగి ఫిబ్రవరిలో వేశాను. ఈలోగా దరఖాస్తు పెట్టారు, ఆలస్యానికి కారణం రాస్తూ ఒక ఉత్తరం జతచేశారు. ఉత్తరం అమ్మాయే రాసింది. లాయరు రాసిన ముసాయిదాలో "తెలియక" అన్న మాట లేదు, ఆమె ఉత్తరంలో మూడుసార్లు ఉంది.

మార్చిలో ఒక అటవీ అధికారి ఇంటికి వచ్చారు. తల్లి ముందురోజు నుంచి అన్నం తినలేదట. ఆయన గూడు చూశారు, చిప్ నంబరు రాసుకున్నారు, నా రిపోర్టు చదివారు, మునగాకు తింటుందా అని ఆశ్చర్యపోయారు. షాపు వివరాలు అడిగారు. ఇచ్చారు. షాపు అప్పటికి ఎత్తేశారు, ఆ జాగాలో ఇప్పుడు టిఫిన్ సెంటరు నడుస్తోంది. జంతువును తీసుకెళ్లలేదు, వీళ్ల దగ్గరే ఉంచి చూసుకోమన్నారు. ధ్రువపత్రం గురించి నేను ఇది రాసే నాటికి ఏమీ తేలలేదు.

ఇలాంటి కేసులు చూస్తూ నాకు స్థిరపడిన అభిప్రాయం ఒకటుంది. నియంత్రణ కావాలి. నన్నడిగితే ఇగువానా ఫ్లాటులో పెంచే జంతువే కాదు, అమ్మకపోతే నాకు సంతోషం. కానీ మన నియమాలు జంతువు అమ్ముడైపోయాక, ఇంట్లో గూట్లో ఉన్నప్పుడు లెక్క అడుగుతున్నాయి. అడగాల్సింది కౌంటరు దగ్గర. పెట్ షాపులు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో నమోదు కావాలని, కొనుగోళ్లు, అమ్మకాలు రాసి ఉంచాలని 2018 నుంచి నియమాలున్నాయి. బండికి నంబరు ప్లేటు షోరూములోనే వస్తుంది, కొన్నవాడు తర్వాత వెతుక్కోడు. చిప్, నమోదు సంఖ్య లేనిదే అమ్మకం జరగకూడదని అక్కడ గట్టిగా పట్టుకుంటే, ఇంటి గుమ్మం దాకా వచ్చే పని సగం తగ్గుతుంది.

రెండో లోపం జాబితాదే. సైటిస్ జాబితా అంతర్జాతీయ వ్యాపారం వల్ల అంతరించే ప్రమాదాన్ని చూస్తుంది. మన చెరువుకి ఏం ముప్పు, మన పిల్లలకి ఏం జబ్బు అన్నది దాని పని కాదు. ఆ చెన్నై బ్యాగులో బాల్ పైథాన్ల పక్కన దొరికిన కార్న్ స్నేక్ ఆ జాబితాలో లేదు. అదే మనిషి, అదే బ్యాగు, రెండు పాములకు ఇంటికి చేరాక రెండు చట్టాలు. ఎర్రచెవుల తాబేలు ఇంకో ఉదాహరణ. పది రూపాయల బిళ్లంత ఉన్నప్పుడు కొని, పళ్లెమంత అయ్యాక గుడి కోనేట్లోనో, చెరువులోనో వదిలేస్తారు, పుణ్యమనుకుంటూ. యూరప్ 1997లోనే దాని దిగుమతి ఆపేసింది. మన సవరణ చట్టంలో 62ఏ సెక్షన్ కింద, చొచ్చుకొచ్చే విదేశీ జాతుల దిగుమతిని, పెంపకాన్ని నిషేధించే అధికారం కేంద్రానికి ఉంది. ఆ సెక్షన్‌కి పని చెప్పాల్సిన జంతువు ఏదైనా ఉందంటే ఇదే.

ఇక గడువు తప్పినవాళ్లు. ఫ్లోరిడా 2021లో ఇగువానాలను నిషేధిత జాబితాలో చేర్చినప్పుడు, అప్పటికే ఇళ్లలో ఉన్నవాటికి ఉచితంగా పర్మిట్ ఇచ్చింది, చిప్ తప్పనిసరి చేసింది. అక్కడ ఇగువానాలు కాలువ గట్లు తవ్వేసేంతగా పెరిగిపోయాయి, అయినా సొంతదారుడిని దొంగలా చూడలేదు. అక్కడా గడువు ఉంది, తప్పినవాళ్లూ ఉండే ఉంటారు. మనకు కావలసింది గడువు దాటినవాడు కూడా తలుపు తట్టగల ఒక చిన్న దారి. ఆలస్యానికి జరిమానా కట్టించుకోండి, కొత్తది కొనకుండా, పిల్లలు పెట్టించకుండా షరతు పెట్టండి. ఆ దారి లేకపోతే ఏమవుతుందో నాకు తెలుసు. కూరగాయల సంచిలో, కొత్తిమీర కింద, మూడు వారాలు ఆలస్యంగా వస్తాయి. కొన్ని అసలు రావు.

మా వృత్తిలోవాళ్లకి ఒక మాట. ఇలాంటి జంతువు వస్తే ముందు వైద్యం చేయండి. తర్వాత ఆ ఇంటివాళ్లకి చట్టం ఏం చెబుతోందో తెలిసినంత స్పష్టంగా చెప్పండి, రాసి ఇవ్వండి. చూసింది చూసినట్టు, చూసిన తేదీతో. జాతి పేరు విషయంలో మాత్రం సందేహం ఉంచుకోవద్దు, ఉడుముకీ ఇగువానాకీ మధ్య ఉన్న తేడా ఇక్కడ జైలు శిక్షలో ఏళ్ల తేడా.

మే నెల మొదట్లో చిట్టి మళ్లీ వచ్చింది. ఈసారి సంచిలో కాదు, గాలాడే ప్లాస్టిక్ క్రేటులో. రిజిస్టర్‌లో తండ్రి "ఇగువానా, చిట్టి" అని పెద్ద అక్షరాలతో రాశాడు. బరువు 730 గ్రాములు. తొడ ఎముక వంకర అలాగే ఉంది, అది ఇక పోదు, నడకలో కొంచెం ఒరుగుతుంది. రక్తంలో కాల్షియం 10.8. దవడ ఎలా ఉందో చూద్దామని వేలు పెట్టబోయాను. గ్లవ్‌తో సహా పట్టేసింది. ఆరు నెలల కింద రబ్బరులా వంగిన దవడ అది. విడిపించుకోడానికి మా కాంపౌండర్ మందారం పువ్వు తెచ్చి చూపించాల్సి వచ్చింది.

"ఉడుంపట్టే కదా డాక్టర్ గారూ" అన్నాడు తండ్రి. వెంటనే తలుపు వైపు చూసి గొంతు తగ్గించాడు. "ఈ మాట మా అసోసియేషన్ వాళ్లు వింటే మళ్లీ మొదలు."